పసుపు గీతకు ఇవతల

ఎవరింట్లోనైనా గోడల మీద పిల్లల చేతి మరకలుంటాయి. ఆ ఇంట్లో కాలి మరకలుండేవి, అవి కూడా పెద్దవాళ్ళ భుజాలంత ఎత్తున. ఎనిమిదేళ్ళ పిల్ల, పొద్దస్తమానం చేతులు నేలకు ఆనించి కాళ్ళు గోడకు తన్నిపెట్టి తలకిందులుగా నిలబడేది. అలా నిలబడే పలకరించేది, అలా నిలబడే ఎక్కాలు అప్పజెప్పేది. సోఫాలో అందరిలా ముందునుంచి కూర్చోవడం దానికి తెలియదు, వెనకవైపు నుంచి పిల్లిమొగ్గ వేసి దిగాల్సిందే. గుమ్మానికి రెండు పక్కలా పాదాలు అదిమి పైదాకా పాకి బల్లిలా అంటుకుని ఉండేది. కిందినుంచి వెళ్ళే మనిషి నెత్తికి మడమ తగిలితే గాని పిల్ల ఇంట్లో ఉందని తెలిసేది కాదు. బడిలో పేరు ఒకటుంది, అది బడికే. ఇంట్లో అందరికీ అది బొంగరం.

అందరూ అంటే ఎందరని, ఇద్దరే. తల్లి, తల్లి పెళ్ళాడిన లిఫ్టు మెకానిక్. పిల్ల కన్నతండ్రి దానికి రెండేళ్ళప్పుడే జబ్బుచేసి పోయాడు. తల్లి ఆసుపత్రిలో ఎక్స్‌రేలు తీస్తుంది. ఒకరోజు ఆ ఆసుపత్రి లిఫ్టు రెండంతస్తుల మధ్య ఆగిపోతే లోపల ఇరుక్కున్నది ఆవిడే. మెకానిక్ వచ్చి పైనుంచి తలుపు సందులో తల పెట్టి, "కంగారు పడకండి, ఇది పడదు, పడదామన్నా పడలేదు" అంటూ, ఎందుకు పడలేదో తాళ్ళతో సహా, బ్రేకులతో సహా మొత్తం వివరించి, ఆ తరవాత బయటికి తీశాడు. ఇంకొకరైతే ముందు బయటికి లాగేవారు. ఆవిడకు మాత్రం ఆ మనిషి పద్ధతి నచ్చింది. పెళ్ళయి ఇప్పటికి ఏడాదిన్నర.

ఈ ఏడాదిన్నరలో మెకానిక్‌కు ఆ ఇంట్లో ఉన్న లోటు ఒక్కటే. పిల్ల అతనితో పోట్లాడదు.

ఇదేం లోటు, అదృష్టం గాని, అంటారు వినేవాళ్ళు. అతనూ మొదట్లో అలాగే మురిసిపోయాడు. తల్లితో అయితే పొద్దున జడ దగ్గర మొదలైన వాదన రాత్రి దుప్పటి దాకా సాగేది. వెయ్యను, తినను, రాను, నువ్వే అన్నావు, నేననలేదు. ఇతను "లైటు తీసెయ్యనా అమ్మా" అంటే "సరే". "పాలు వెచ్చబెట్టనా" అంటే "సరే". చానెల్ మార్చినా సరే, మార్చకపోయినా సరే. అతన్ని ఏమనీ పిలిచేది కాదు. పని పడితే ఎదురుగా వచ్చి నిలబడి, అతను తలెత్తాక, "మీకు ఫోన్ వస్తోంది" అని చెప్పి వెళ్ళిపోయేది. కొన్నాళ్ళకు అతనికి అర్థమైంది. ఇంటికి చుట్టాలొస్తే పిల్లలు ఒళ్ళు దగ్గర పెట్టుకుని ఉంటారే, ఇది ఆ బుద్ధిమంతనం. చుట్టం వెళ్ళిపోయేదాకా ఉంటుంది. ఈ చుట్టం వెళ్ళేవాడు కాదు గనక అది ఏడాదిన్నరగా అలాగే ఉంది. ఈ సంగతి తెలిసినప్పటినుంచి అతని మనసులో ముల్లు గుచ్చుకున్నట్టే ఉండేది, ఎవరితోనూ అనలేదు.

అందుకే ఒక సాయంత్రం భార్య, "దీన్ని జిమ్నాస్టిక్స్ క్లబ్బులో వేద్దామండీ, ఇంక ఈ గోడలకు రంగులు వేయించడం నావల్ల కాదు" అన్నప్పుడు మెకానిక్ గబుక్కున లేచి కూర్చున్నాడు.

"ఎక్కడ వెయ్యాలో మీరే వెళ్ళి చూడండి," అందావిడ. "నేను వెళ్తే నాకక్కడ పిల్లలు కనిపించరు, మణికట్లూ మోచేతులూ కనిపిస్తాయి. ఎముక ఎక్కడ విరుగుతుందో చూసుకుంటూ కూర్చుంటాను. ఎవరైనా తూలితే కేకపెట్టి పరిగెత్తేస్తాను."

"నేను చూస్తాలే," అన్నాడతను. "చూడటమే కదా నా పని."

తను వెతికి, తను చేర్పించి, తనే తీసుకెళ్ళి తీసుకొస్తే, దారిలో నాలుగు మాటలు దొర్లవా, ఎప్పుడో ఒకప్పుడు పిల్ల కాస్త మారాం చెయ్యదా అని అతని ఆశ.

మొదటి క్లబ్బు ఒక పాత గోదాములో ఉంది. పైన రేకుల కప్పు, మధ్యమధ్య వెలుతురు కోసం వేసిన గాజు పలకలు, లోపలంతా సుద్దపొడి వాసన, చెమట వాసన. గుమ్మం పక్కన పిల్లలు విప్పిన బూట్లు, మేజోళ్ళు గుట్టగా పడి ఉన్నాయి. మ్యాట్లకు రంగురంగుల గుడ్డతో మాసికలు వేసి ఉన్నాయి. నేలమీద ఈ గోడనుంచి ఆ గోడదాకా పసుపు రంగు గీత, దానికి ఇవతల పెద్దవాళ్ళు కూర్చునే పొడుగాటి బల్ల. నడిపించేది ఒక టీచరమ్మ. ఒడ్డూ పొడుగూ ఉన్న మనిషి, మెడలో తువ్వాలు, ఏడాది పొడుగునా జలుబు చేసినట్టుండే గొంతు. ఆవిడ బొంగరాన్ని ఎగాదిగా చూసి, "బూట్లు విప్పి వెళ్ళి ఆ వరసలో నిలబడు" అని మాత్రం అని, తన పనిలో పడింది.

మెకానిక్ కూడా తన పనిలో పడ్డాడు. లిఫ్టుల పనిలో నమ్మకం అనే మాట లేదు. తాడు చూడాలి, బ్రేకు చూడాలి, బోల్టు బోల్టూ తట్టాలి. అన్నీ చూశాక కూడా లిఫ్టులోకి మనుషులను ఎక్కించరు, ముందు ఇసుక బస్తాలు ఎక్కించి ఆడిస్తారు. అది అలవాటైన చెయ్యి ఊరుకుంటుందా. సంచిలోంచి టార్చి తీసి, గీత దాటి, పిల్లలు నడిచే దూలం కిందికి దూరాడు. దూలమంటే ఇంటి దూలం కాదు, అడుగు వెడల్పు కూడా లేని పొడుగు చెక్క, కాళ్ళమీద నిలబెట్టి తోలు చుట్టి ఉంటుంది. దాన్ని వాళ్ళు బీమ్ అంటారు.

"ఏమండీ, అక్కడేమైనా పోగొట్టుకున్నారా?" పైనుంచి టీచరమ్మ గొంతు వినిపించింది.

మెకానిక్ జుట్టునిండా సుద్దపొడితో బయటికి వచ్చాడు. "ఈ నట్టుకు మరలు అరిగిపోయాయి. దీన్ని ఆఖరుసారి ఎవరు చూశారు?"

"నేనే చూస్తాను."

"ఎప్పుడు?"

"పిల్లలు దిగాక. మీరు ఒక పిల్ల పైన ఉండగా కిందికి దూరారు. అది అదిరిపడి దిగిపోయింది, చూశారా? ముందు గీత అవతలికి నడవండి."

అతనికి చిర్రెత్తుకొచ్చింది. నట్టు అరిగిందంటే గీత గురించి మాట్లాడుతుందేమిటి ఈవిడ? ఆడితప్పే మనిషైనా నయం, అరిగిన నట్టుతో అసలు పెట్టుకోకూడదు. "రామ్మా, ఇక్కడ వద్దు మనకు," అని పిలిచాడు. బొంగరం అప్పుడు హాలు చివర ఒక కమ్మీకి వేలాడుతూ, ఎవరో తెలియని పిల్లతో పోటీపడి ఊగుతోంది. మొహమంతా విప్పారి ఉంది. పిలుపు విని చప్పున దిగింది. "సరే" అని బూట్లు వెతుక్కుంది. ఒక మేజోడు దొరకలేదు, దొరకలేదని కూడా చెప్పకుండా ఉత్త కాలికే బూటు తొడుక్కుని వచ్చేసింది.

రెండో క్లబ్బును చూసి మెకానిక్ ప్రేమలో పడ్డాడంటే అతిశయోక్తి కాదు. గాజు తలుపులు, కొత్త మ్యాట్లు, గోడనిండా పతకాలు పట్టుకున్న పిల్లల ఫోటోలు. అవేవీ అతన్ని పడగొట్టలేదు. అతన్ని పడగొట్టింది నట్ల మీది ఎర్రగీతలు. నట్టు బిగించాక దాని మీదుగా రంగుతో గీత గీస్తారు, నట్టు రవ్వంత కదిలినా గీత విరిగి కనిపిస్తుంది. తెలిసినవాడు చేసే పని అది. అక్కడ ప్రతి నట్టుకూ గీత ఉంది, ఒక్కటీ విరగలేదు. నడిపించే సారు, ఇస్త్రీ మడత నలగని మనిషి, "చూడండి, ఎంతసేపైనా చూడండి" అని దగ్గరుండి తిప్పాడు.

ఒకచోట నేలలో పెద్ద గుంట తవ్వి స్పాంజి ముక్కలు నింపి ఉంది, పిల్లలు దూకి పడటానికి. మెకానిక్ దాని లోతు చూశాడు, అంచు తట్టాడు, చివరికి ఆగలేక తనే ఇసుక బస్తా అయ్యి దూకేశాడు. దూకడం సులువే, పైకి రావడమే రాలేదు. కాలు ఎక్కడ ఆనించినా దిగబడుతోంది, చెయ్యి ఎక్కడ వేసినా స్పాంజి ముక్క ఊడి వస్తోంది. ఇద్దరు పెద్దపిల్లలు వచ్చి చెరో చెయ్యి పట్టి లాగితే గాని ఒడ్డున పడలేదు. క్లాసు క్లాసంతా నిలబడి చూసింది. ఒక్కరూ నవ్వలేదు. బొంగరం పెదవులు మాత్రం ఒక్కసారి అదిరాయి, చుట్టూ చూసి మళ్ళీ బిగుసుకున్నాయి.

'ఎంత క్రమశిక్షణ,' అనుకున్నాడు మెకానిక్ బట్టలు దులుపుకుంటూ. తెలివి ఒక్కోసారి చెయ్యాల్సిన పని తప్ప అన్నీ చేస్తుంది. నడివయసు మనిషి స్పాంజి గుంటలో పడి గిలగిలా కొట్టుకుంటుంటే పిల్లలు నవ్వలేదంటే, అక్కడి పిల్లలకు ఏదో అయిందని ఎవరికైనా తట్టాలి. అతనికి తట్టలేదు.

"చాలా బాగుంది. నచ్చిందా అమ్మా?" అనడిగాడు బయటికొచ్చాక.

"సరే," అంది బొంగరం.

నచ్చింది అనే మాటకు సరే అనే మాటకు ఎంత దూరమో అతనికి తెలియక కాదు. తెలుసుకోవాలనిపించలేదు. మర్నాడే ఫీజు కట్టేశాడు.

అక్కడ క్లాసు జరుగుతుండగా పెద్దవాళ్ళు లోపలికి వెళ్ళకూడదు. ముందుగదిలో మెత్తటి కుర్చీలు, గోడకు టీవీ, కాఫీ మిషను. మెకానిక్‌కు ఆ నియమం కూడా న్యాయంగానే తోచింది. లిఫ్టు మోటారు గదిలోకి కూడా సంబంధం లేనివాళ్ళను రానివ్వరు మరి. వారానికి రెండు సాయంత్రాలు అతను పిల్లను తీసుకెళ్ళి, కాఫీ తాగి, తీసుకొచ్చేవాడు. దారిలో "ఎలా ఉంది" అంటే "బాగుంది" అనేది. ఆ పైన మాట పెరిగేది కాదు.

నెల తిరగకుండానే ఒక సాయంత్రం వంటింట్లో గిన్నెలు సర్దుతూ భార్య అడిగింది. "గోడలు చూశారా?"

"ఏమైంది?"

"ఏమీ కాలేదు. కొత్త మరకలు లేవు."

"మంచిదే కదా. చేసేదంతా అక్కడే చేసేస్తోంది."

"సోఫాలో ముందునుంచి కూర్చుంటోంది. గుమ్మంలోంచి మనుషుల్లా నడిచి వస్తోంది." ఆవిడ చేతిలో గిన్నె పక్కన పెట్టింది. "ఇవాళ జడ వంకరగా వేశాను, కావాలనే. ఎలా వేసినా ఊరుకుంది. 'సరే' అంది. నాతో దానికి సరే ఏమిటండీ? అది పుట్టి బుద్ధెరిగాక నాతో ఆ మాట అన్లేదు."

ఇన్నాళ్ళూ మెకానిక్, పిల్ల తల్లితో ఉన్నట్టు తనతో కూడా ఉండాలని కోరుకున్నాడు. ఇప్పుడు అది తనతో ఉన్నట్టే తల్లితో కూడా ఉంటోంది. కొరివితో తల గోక్కున్నట్టయింది అతని పని.

ఆ మరుసటి క్లాసుకు అతను కాఫీ మిషను దగ్గర ఆగలేదు. లిఫ్టు మెకానిక్‌కు తెలియని వెనక గుమ్మం ఏ భవనంలోనూ ఉండదు. మెట్లు దిగి, సామాను గది దాటి, హాలు వెనక తలుపు ఓరగా తీసి నిలబడ్డాడు. నట్ల వైపు చూడలేదు. మొదటిసారి పిల్లల వైపు చూశాడు.

పిల్లలు వరసగా గోడకు ఆనుకుని ఉన్నారు. మధ్యలో ఒక పిల్ల కాళ్ళు చెరో వైపుకు చాపి నేలమీద బోర్లా పడుకుని ఉంది. సారు దాని నడుము మీద మోకాలు ఆనించి, తన బరువంతా మెల్లగా దించుతున్నాడు. ఆ పిల్ల కళ్ళలోంచి నీళ్ళు కారుతున్నాయి, నోట్లోంచి చప్పుడు రావడం లేదు. గోడ దగ్గరి పిల్లలు గట్టిగా అంకెలు లెక్కపెడుతున్నారు. అంకె ఎవరైనా తప్పితే మళ్ళీ మొదటినుంచి. లెక్క అయిపోగానే ఆ పిల్ల లేచి వెళ్ళి వరస చివర నిలబడింది. తరవాత బొంగరం వచ్చింది. ఎవరూ పిలవలేదు, ఎవరూ లాగలేదు. తనంతట తనే వచ్చి, బోర్లా పడుకుని, కాళ్ళు చాపి, చొక్కా చెయ్యి నోట్లో కుక్కుకుంది. మెకానిక్ తలుపు తోసుకుని లోపలికి వచ్చాడు.

"ఆపండి," అన్నాడు. గొంతు అంత పెద్దగా వస్తుందని అతనికే తెలియదు. "లేమ్మా. లే. మనం వెళ్తున్నాం."

సారు కంగారు పడలేదు. చేతులు దులుపుకుంటూ లేచాడు. "ఒళ్ళు సాగకపోతే వంగదండీ. మొదట్లో నొప్పే, తరవాత అలవాటైపోతుంది. ఫోటోల్లో ఉన్న పిల్లలందరూ ఇలా వచ్చినవాళ్ళే."

"ఏడుస్తున్నారు కదండీ."

"ఏడుస్తారు, మానేస్తారు. మీ అమ్మాయైతే ఒక్కసారి కూడా ఏడవలేదు. అందరికీ దాన్నే చూపిస్తాను. చాలా బుద్ధిమంతురాలు, ఏం చెప్పినా ఎదురు చెప్పదు." ఒక్క క్షణం ఆగి అన్నాడు, "అయినా మీరు అన్నీ చూసుకునే కదండీ చేర్పించారు."

మెకానిక్ పిల్ల బూట్లు చేత్తో పట్టుకుని, పిల్లను రెండో చేత్తో పట్టుకుని, ముందుగది గుండానే బయటికి నడిచాడు. టీవీ చూస్తున్న తల్లిదండ్రులు తలలు తిప్పి చూశారు. ఏడుస్తున్నారు, వెళ్ళి చూసుకోండి, అని వాళ్ళతో ఒక్క మాట మాత్రం అన్నాడు. ఇద్దరు లేచారు, మిగతావాళ్ళు లేవలేదు.

వీధి మలుపులో మూసేసిన ఒక దుకాణం మెట్ల మీద కూర్చోబెట్టి బూట్లు తొడిగాడు.

"ఎందుకు చెప్పలేదమ్మా?"

"మీరు అన్నీ చూశారు కదా," అంది బొంగరం. "నట్లన్నీ కూడా చూశారు. గుంటలో దూకి కూడా చూశారు. బాగుందన్నారు కదా."

దాని గొంతులో నిష్ఠూరం లేదు. ఉంటే అతనికి కాస్త తేలికగా ఉండేది. ఇంత చూసిన పెద్దమనిషి బాగుందన్నాడు గనక ఇది బాగున్నట్టే లెక్క, నొప్పి తన తప్పే అయి ఉంటుంది, అని ఆ పిల్ల నెల రోజులు నమ్మింది. అతనికి ఆ మెట్టు మీదే కూలబడి ఏడవాలనిపించింది.

"నేను ఇనుము చూశాను," అన్నాడు. "మనుషుల్ని చూడలేదు. లిఫ్టును ఖాళీగా చూడటం అలవాటు నాకు. తప్పు నాది, నీది కాదు. విన్నావా? నీది కాదు."

విన్నట్టు తలూపింది. అతను రెండో లేసు కట్టాడు.

"ఇంక ఎక్కడా వద్దా మనకు?"

బొంగరం నేల చూస్తూ, గొంతులోనే, "ఆ రేకుల దాంట్లో కమ్మీ ఉంది," అంది. "కానీ అక్కడ నట్లు బాగాలేవు."

"నట్లు మార్చుకోవచ్చు."

"ఆవిడ తిడుతుంది మిమ్మల్ని."

"తిడితే పడతాను."

బొంగరం తలెత్తి అతని మొహంలోకి చూసింది. పెద్దవాళ్ళు తిట్లు పడటానికి వెళ్తామనడం అది ఎప్పుడూ వినలేదు.

ఆ రాత్రి తల్లి పిల్లకు వేడినీళ్ళు పోసి, నడుమూ తొడలూ వేళ్ళతో తడిమి తడిమి చూసింది. ఎముకలకేమీ కాలేదు, కండరాలే కమిలాయని తేల్చాక గాని ఆవిడ ఊపిరి పీల్చుకోలేదు. మెకానిక్‌ను ఒక్క మాట కూడా అనలేదు. అన్నా బాగుండేదనుకున్నాడతను. నొప్పి పూర్తిగా తగ్గేదాకా ఆగి, సెలవురోజు పొద్దున పిల్లను తీసుకుని గోదాముకు బయల్దేరాడు. భార్య గుమ్మం దాకా వచ్చి, "నేను రాను, నాకు తెలుసు నా సంగతి," అని ఆగిపోయింది.

టీచరమ్మ గుమ్మంలోనే పట్టుకుంది. "టార్చి తెచ్చారా?"

"లేదండీ."

"ఆ సంచి?"

"బయట పెడతాను." పెట్టి వచ్చి, చేతులు కట్టుకుని నిలబడ్డాడు. "ఆ రోజు పిల్ల పైన ఉండగా కిందికి దూరాను. తప్పే."

ఆవిడ ముక్కు తుడుచుకుంది. "మీరు వెళ్ళాక నేనా నట్టు విప్పించి చూశాను. మరలు అరిగే ఉన్నాయి. నాలుగు కాళ్ళవీ మార్పించాను. మీరు చెప్పింది నిజమే, చెప్పిన తీరే బాగాలేదు." తువ్వాలు భుజాన వేసుకుని బొంగరాన్ని చూసింది. పిల్ల నిలబడ్డ తీరు, భుజాలు దగ్గరగా ముడుచుకున్న తీరు చూసింది. ఇదివరకు చూసిన పిల్ల కాదని ఆవిడకు తెలిసినట్టే ఉంది, అడగలేదు. "వెళ్ళి ఆ కమ్మీకి వేలాడు. చాలనిపించినప్పుడు దిగు. ఇవాళ్టికి అంతే పని."

తరవాత మెకానిక్ వైపు తిరిగింది. "మీరు ఆ బల్లమీద కూర్చోండి. ఇక్కడ ఒకటే నియమం. పిల్ల పడితే ముందు పిల్ల లేవాలి. పిల్ల పిలిస్తే మీరు వెళ్ళొచ్చు, నేను పిలిస్తే వెళ్ళొచ్చు. ఊరికే మీ భయం కొద్దీ లేస్తే మాత్రం వచ్చే వారం మీరు బయట కూర్చుంటారు. మీరు లేచి పరిగెత్తుకొస్తే, ఏమీ కాని పిల్ల కూడా తనకేదో అయిందనుకుని ఏడుస్తుంది."

బల్లమీద అతని పక్కన ఎవరి తాతో కూర్చుని ఉన్నాడు. "మొదటిసారా బాబూ?" అని పలకరించాడు. "చేతులు తొడల కింద పెట్టుకో. అలాగైతే లేవబుద్ధి కాదు. నేనలాగే అలవాటు చేసుకున్నా."

మెకానిక్ చేతులు తొడల కింద పెట్టుకున్నాడు.

బొంగరం కమ్మీకి చాలాసేపు ఊరికే వేలాడింది. తరవాత కాస్త ఊగింది. తరవాత దిగి, ఎవరూ చెప్పకుండానే, వరసలో ఉన్న పిల్లల వెనక నిలబడింది. వాళ్ళు దూలం మీద నడుస్తున్నారు. దాని వంతు వచ్చింది, ఎక్కింది. నడిచింది. చివరిదాకా వెళ్ళి వెనక్కి తిరిగింది. మధ్యలో ఆగి, ఇంట్లో సోఫా మీద వేసినట్టు, చేతులు ఆనించి కాళ్ళు పైకి విసిరింది. ఆ కాళ్ళు గాలిలో ఒక్క క్షణం నిలబడ్డాయి, ఆ తరవాత పక్కకు తిరిగాయి. పిల్ల మ్యాటు మీద దభీమని పడింది.

హాలంతా వినిపించింది ఆ చప్పుడు. మెకానిక్ ఒంట్లో ప్రతి కండా లేచింది, మనిషి లేవలేదు. చేతులు తొడల కింద నలుగుతున్నాయి. టీచరమ్మ దూలానికి రెండడుగుల దూరంలోనే ఉంది, ఆవిడ కూడా కదలకుండా పిల్లనే చూస్తోంది. ఏ చెయ్యి మెలికపడింది, మెడ ఎలా ఉంది, ఊపిరి ఆడుతోందా, అన్నీ అతనికి ఒకేసారి కావాలి. ఇన్నేళ్ళ పనిలో ఏ తాడునూ నమ్మని మనిషి, ఇప్పుడు చెయ్యగలిగింది ఏమీ లేక, పడుకుని ఉన్న ఆ పిల్లను నమ్మాల్సి వచ్చింది.

బొంగరం తల తిప్పింది. టీచరమ్మ వైపు కాదు, బల్ల వైపు. గీతకు ఇవతల కూర్చున్న అతన్ని చూసింది. ఇద్దరూ ఒకరినొకరు అలా చూసుకున్నారు. అప్పుడది లేచి కూర్చుంది. మొహం మీద పడ్డ జుట్టు వెనక్కి తోసుకుంది. మోచెయ్యి ఒకసారి తిప్పి చూసుకుంది, నాలుకతో పెదవి తడుపుకుంది. మళ్ళీ దూలం ఎక్కింది.

"హమ్మయ్య," అన్నాడు పక్కనున్న తాత. "మీ పిల్లేనా?"

మెకానిక్ తల ఊపాడు.

క్లాసయ్యాక ఇద్దరూ వీధిలో నడుస్తున్నారు. బొంగరం ఆసుపత్రి వైపు మలుపు దగ్గర ఉన్నట్టుండి అడిగింది.

"ఎందుకు లేవలేదు?"

"లేవద్దన్నారు కదమ్మా."

"అమ్మయితే లేచేది."

"లేచేది."

"భయమేసిందా?"

"చాలా."

"మరి నవ్వావేం?"

"నేను నవ్వానా?"

"నవ్వావు. పళ్ళన్నీ బయటపెట్టి. ఏడుస్తున్నట్టుంది. ఇంకోసారి అలా నవ్వకు, ఆ తాత కూడా నిన్నే చూశాడు. అందరూ చూశారు. నాకు సిగ్గేసింది."

"నవ్వనులే."

"నవ్వకపోతే మళ్ళీ మొహం ముడుచుకుంటావు, అదీ బాగుండదు. మామూలుగా కూర్చో. వచ్చే వారం అమ్మను తేవద్దు, నువ్వే రా."

"అలాగే."

గాలి చల్లగా వీస్తోంది. పిల్ల మెడమీద చెమట ఇంకా ఆరలేదు. మెకానిక్ సంచిలోంచి స్వెట్టరు తీసి చాపాడు. "వేసుకో."

"వేసుకోను," అంది బొంగరం.

అతను నడక ఆపేశాడు. ఏడాదిన్నరగా ఆ ఇంట్లో రోజూ విన్న మాటే అది, తనకు మాత్రం ఎప్పుడూ దక్కలేదు. ఇప్పుడు దక్కితే దానితో ఏం చెయ్యాలో తోచలేదు. పిల్లలతో వాదించడం అతనికి చేతకాని పని.

"జలుబు చేస్తుంది," అన్నాడు జాగ్రత్తగా.

"చెయ్యదు."

"చేస్తుందమ్మా, చెమట మీద గాలి తగిలితే."

"నీకేం తెలుసు? నీకు లిఫ్టులే తెలుసు. అది గుచ్చుకుంటుంది. వేసుకోనంటే వేసుకోను." మూతి ముడుచుకుని, కాళ్ళు టపటప కొట్టుకుంటూ ముందుకు వెళ్ళిపోయింది. నాలుగు గుమ్మాలు దాటాక ఆగి, వస్తున్నాడా లేదా అని వెనక్కి తిరిగి చూసింది.

స్వెట్టరు చేత్తో పట్టుకుని మెకానిక్ ఆ వీధి మధ్యలో అలాగే నిలబడ్డాడు. కళ్ళు తుడుచుకున్నాడు, గొంతు సవరించుకున్నాడు.

"వేసుకోవాల్సిందే," అని గట్టిగా కేకేసి, పిల్ల వెనకాల బయల్దేరాడు.